అనానిమస్

ఔలు నగరం. బయట మైనస్ ఇరవై ఎనిమిది.
నేలమాళిగలో ఐలా
తడిసిన ఊలు గ్లవుజులు సర్వర్ మీద ఆరేసింది.

పేరడిగితే అందరూ ‘అనానిమస్’ అనే అంటారు.
పాస్‌వర్డ్ చోట, మర్యాదకి, ఈమెయిలు రాయాలి.
ఒకడు ‘పిల్లి’ అని రాశాడు.
పోనీలే,
చలివేంద్రంలో గోత్రం అడుగుతామా?

రాత్రి మూడింటికి డిస్కు మార్చాలి.
స్విచ్చు దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది.
భూమికి అడుగున, ఏ మిట్టమధ్యాహ్నంలోనో
ఎవరో చిన్న ప్రోగ్రాం ఒకటి దించుకుంటున్నారు.
వెంట్రుకంత ధార.
దోసిలి ఇంకా నిండలేదు.

కాఫీ కలుపుకుంది. అది చల్లారింది.
గ్లవుజులు ఎప్పుడో ఆరిపోయాయి, ఒకటి కింద పడింది.

నాలుగూ పదికి పచ్చలైటు మినుకు ఆపింది.
డ్యూటీ పుస్తకంలో రాసింది:
ఆలస్యం, గంటా పది నిమిషాలు.
కారణం, దాహం.