పావు చుట్టు తక్కువ

బయట నలభై ఎనిమిది డిగ్రీలు.
లోపల రెండు స్వెట్టర్లు తొడుక్కోని
లూల్వా బ్లేడు తొడుగులు ఒళ్లో పెట్టుకోని కూచోనుండా.
కువైట్‌లో చలికి వణికే పని
నా అఖామాలో యాడా రాసి లేదు.

బల్ల కాడ ఆయమ్మ పాస్‌పోర్టు తిరగేసింది,
మళ్లీ తిరగేసింది, కళ్లద్దాలు పైకి తోసింది.
జూలై ఒకటికి ముందే పదమూడు నిండాలంట.
ముందు అంటే ముందే. ఆ రోజు పనికిరాదు.
లూల్వా పుట్టింది జూలై ఒకటిన,
అర్ధరాత్రి దాటిన పది నిమిషాలకు.
"ఆ పది నిమిషాలు నేనే ఆలస్యం చేసినా" అని
వాళ్లమ్మ ఫోన్లో ఎవరికో చెప్తా ఏడ్చింది.
కోచ్ గుల్నారా ఏడవలా.
"వచ్చే ఏడు" అనింది, చూయింగ్ గమ్ నమల్తా.

వచ్చే ఏడంట!
కాలు పొడుగవుతాది, నడుము వెడల్పవుతాది.
ఈ పొద్దు గాల్లో రెండు చుట్లు తిరిగే పిల్ల
వచ్చే ఏడు తన బరువే తనకు కొత్తయి
ఒకటిన్నర కాడ కూలబడొచ్చు.
ఇది గుల్నారా చెప్పిన మాట కాదు,
ఆరేళ్లుగా ఆ పిల్ల బూట్ల తాళ్లు బిగిస్తా నేను చూసింది.

నా సంగతి వేరు.
ఇంటి పనికి పోయే ఆడమనిషికి ముప్పై నిండాలని రూలు.
నాకు ఇరవై మూడు.
రాజంపేటలో ఏజెంటు చెన్నకేశవులు
టీ గ్లాసు కింద పెట్టకుండానే
ఏడేళ్లు ఏసేసినాడు.
"మొగంలో కూడా ముప్పై కనపడల్ల" అన్నాడు.
కొంగు నిండుగా కప్పుకోని
చెన్నై ఎయిర్‌పోర్టులో ముప్పైగా నిలబడినా.
ఆఫీసరు నన్ను చూసినాడు, కాయితాన్ని చూసినాడు,
కాయితాన్నే నమ్మినాడు.
మాయమ్మనడిగితే నేను పుట్టింది
చెయ్యేరు పొంగిన మూడో దినం,
బొప్పాయి తోట నీళ్లల్లో ఉన్నప్పుడు.
ఆ తేదీ రాసుకునే గడి ఏ బల్ల మిందా లేదు.

జడ్జీలు ఏడుగురు, వరసగా.
వాళ్ల పక్కన ఇంకో ముగ్గురు, ముందర చిన్న టీవీ.
ఒక తుర్కీ పిల్ల ఎగిరింది, తిరిగింది, దిగింది.
జనం చప్పట్లు కొట్టినారు, నేనూ కొట్టినా.
ఆ ముగ్గురు మాత్రం బొమ్మ ఆపి, వెనక్కి తిప్పి,
బ్లేడు మంచును తాకిన చోటు పెద్దది చేసి చూసినారు.
పావు చుట్టు తక్కువంట.
మార్కులు కోసినారు.
నా మింద ఏడేళ్లు ఎక్కువ తిరిగినాయి,
ఇంతవరకూ ఎవురూ వెనక్కి తిప్పి చూడలా.

లూల్వా నా భుజం మింద తల ఆనించింది.
"ఓబీ, నీకు ఎన్నేళ్లు?"
నాలుగేళ్లప్పుడు నా చేతికొచ్చిన పిల్ల,
ఎన్నడూ అడగంది.
అరబ్బీలో ముప్పై తొమ్మిది అని చెప్పినా.
తర్వాత తెలుగులో,
"నా కాడ ఏడేళ్లు మిగులుండాయి తల్లీ,
ఒక్క రోజు తీసుకో" అన్నా.
ఆ పిల్లకు అర్థం కాలా. చెయ్యి మాత్రం వదల్లా.

పోటీ అయిపోయి, పతకాలిచ్చి, జనం లేచినాక
మంచు చదును చేసే బండి తోలే బిష్ణు
అయిదు వేళ్లు చూపించినాడు, అయిదు నిమిషాలు.
లూల్వా ఒక్కతే దిగింది.
పాట లేదు, పేరు పిలిచేటోళ్లు లేరు.
బ్లేడు గీరే సప్పుడు,
మా ఊళ్లో వడ్లు చెరిగే సప్పుడు మాదిరి.
మూల కాడ వెనక్కి తిరిగి ఎగిరింది.
దిగింది. చేతులు చాపి నా తట్టు చూసింది.

బాగుండాదని చెప్పొచ్చు.
ఎవురు కాదంటారు?
కానీ నేను చూసినా.
తక్కువే.
రెండు వేళ్లు ఎత్తి, ఒకదాన్ని రవ్వంత వంచినా.
మొగం ముడుచుకునింది.
బిష్ణు హారన్ కొట్టినాడు.
ఆ పిల్ల వినపడనట్టు
మళ్లీ ఆ మూలకే పోతాంది.