మాతృభాష అన్న గడిలో

ఫారంలో పేరు ఈశ్వరమ్మ.
చేతుల్లో అమ్మ పేరు వేరు:
ఎడమ కనుబొమ మీద చూపుడువేలితో చిన్న గీత,
ఏడేళ్లప్పుడు కుట్టుమిషను మూత పడిన మచ్చ.
మలక్‌పేట బడిలో దోస్తులు పెట్టిన పేరది.
ఆ పేరుతో పిలవాలంటే
ముందు ఆమె మనవైపు చూడాలి.

మాతృభాష అన్న గడిలో
ఇన్నేళ్లూ తెలుగు అని రాసింది నేనే.
గుమాస్తాలు తొందరపెట్టేవాళ్లు,
నేను తొందరగా అబద్ధమాడేదాన్ని.

తొమ్మిదేళ్లకే దొరికింది నాకు నౌకరి, జీతం లేనిది.
బ్యాంకులో అమ్మ గొంతు నేను,
కరెంటాఫీసులో నాన్న గొంతు నేను.
ఉస్మానియా దవాఖానలో డాక్టరు
గర్భసంచి తీసెయ్యాలంటే
ఆ మాట చేతుల్లో ఎట్లుంటదో తెలియక
సంచి అని చూపించాను,
తీసెయ్యమని చూపించాను.
అమ్మ భుజానికున్న కూరగాయల సంచి తీసి
నా చేతికిచ్చింది.
డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ పంటికింద రాయి.

రేషన్ షాపు లైనులో ఎవడో అన్నాడు
చెవిటివాడి ముందు శంఖమూదినట్టేనని.
ఏమంటున్నాడు? అమ్మ కనుబొమలు అడిగాయి.
ఎండ బాగుందంటున్నాడని చెప్పాను.
ఆ సామెతకు నా చేతులు అరువియ్యలేదు.

మంగళవారం, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర లేబర్ ఆఫీసు.
మూడు అర్జీలు, ఒక సర్క్యులర్ జిరాక్సు అయ్యాక
నీలోఫర్ వచ్చింది.
నల్ల కుర్తా, ఉంగరాల్లేని వేళ్లు.
సర్కారు పంపిన చేతులు.
అలవాటుకొద్దీ నేను ముందుకు జరిగితే
మీరక్కడ కూర్చోండి అంది.
పన్నెండేళ్లలో మొదటిసారి
అమ్మ పక్కన ఊరికే కూర్చున్నాను
చున్నీ అంచు నలుపుకుంటూ.

అమ్మ మొదలుపెట్టింది.
బాలానగర్ షర్టుల కంపెనీలో పదకొండేళ్లు.
పక్క మిషను శకుంతలకు తొమ్మిదివేలు, తనకు ఆరు,
వినపడనిదానికి లెక్కేం తెలుస్తుందని.
రొంటిలోంచి ఐదొందల నోటు తీసి బల్లమీద పరిచింది:
ఇన్ని భాషలున్నాయి దీనిమీద, చీమల బారులా.
నాది లేదు.
అయినా దీన్ని నేను లెక్కపెట్టేది నా భాషలోనే.

తర్వాత స్టోర్‌రూం గురించి, సూపర్‌వైజర్ గురించి,
చేతులు బాగా చిన్నగా చేసి,
రొమ్ముకు దగ్గరగా,
నాకెన్నడూ చూపించనివి.
పిల్ల చేతుల్లో పెట్టలేక
ఇన్నేళ్లు తనే మోసుకు తిరిగినవి.
ఆమె గొంతు నేనేననుకున్నాను ఇంతకాలం.

కంపెనీ వకీలు లేచాడు:
ఈమె ఇంత చెప్పిందా, ఈ అమ్మాయి కల్పిస్తోందా?
ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుని
అమ్మనే చూస్తూ అడిగాడు, ఇంకేమైనా ఉందా అమ్మా అని.
అట్లా చూడడానికి చట్టమే కావాలంటే
చట్టమే కానివ్వండి.

వాయిదా. వచ్చేనెల పద్నాలుగు.
నీలోఫర్ మళ్లీ రావాలంటే మళ్లీ అర్జీ.
ఈసారి ఆ గడిలో సంజ్ఞాభాష అని రాశాను.
కంప్యూటర్ జాబితాలో లేదమ్మా అన్నాడు గుమాస్తా,
‘ఇతరములు’ నొక్కాడు.

బయట బస్సుల హారన్లు,
సినిమా హాలు ముందు ఈలలు, డప్పులు.
పక్కనున్న మనిషికి వినపడాలన్నా అరవాల్సిందే.
అమ్మ అప్పటికే రోడ్డు దాటి
మెట్రో స్తంభం పక్కన నిలబడి
అంత రొదకీ అవతలినుంచి
ఒక్క అక్షరం చెదరకుండా చెప్పింది:
పద్నాలుగున నువ్వు రావద్దు.
కాలేజీకి పో.