వెంట్రుకవాసి

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు.
పలకల ఫ్యాక్టరీ మూతపడి పద్దెనిమిదేళ్లు.
కంప్యూటర్ మీద కప్పిన పాత లుంగీ లాగితే
బూడిదరంగు దుమ్ము లేచింది.
ఆ రాయి ఇంకా ఎవరి ఊపిరినో వెతుక్కుంటోంది.

స్విచ్ వేశాను.
ఫ్యాను ఒకసారి దగ్గి తిరిగింది.
గడియారంలో వెయ్యిన్ని తొమ్మిదొందల ఎనభై, జనవరి ఒకటి.
తనకో డ్రైవుందన్న సంగతే మరిచిపోయింది మిషను,
గుర్తు చేశాను.
బూట్ డిస్క్ పెట్టి ఏదో ఒక మీట నొక్కమంది.
పెట్టాను, నొక్కాను.
ఎర్రదీపం వెలిగింది. టక్ టక్ టక్,
తలను గోడకేసి కొట్టుకుంది డ్రైవు.
మళ్లీ అదే మాట.

గడప మీద కూర్చున్న కాశింబి
"ఏందబ్బయ్యా, పలుకుతాందా?" అంది.
ముప్పై ఏళ్ల కింద ఈ షెడ్డులోనే పలకలు కోసింది.
పింఛనుకు పాత హాజరు చూపించమన్నారు ఒంగోల్లో.
హాజరంతా ఫ్లాపీల్లో ఉందన్నాడు గుమాస్తా ఓబులేసు.
ఆయనకిప్పుడు చూపు లేదు.
ఫ్లాపీల డబ్బా తాళంచెవి మాత్రం
ఇంకా మొలతాడుకే ఉంది.

తొమ్మిది ఫ్లాపీలు. కూలి 91. కూలి 92...
పెన్ను నొక్కితే లోపల గాయమవుతుందని
చీటీ మీద ముందే రాసి తర్వాత అంటించేవాడట.
పదోది బూట్ డిస్క్. దాని పొర పీకి
మనవడు సూర్యగ్రహణం చూశాడు.
అందుకే ఒంగోలు నుంచి ఇంకోటి తెచ్చాను.

మూత విప్పాను.
పట్టాల మీద గ్రీజు బెల్లంపాకంలా బిగిసింది.
అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి
తల తుడిచాను. ఎన్నిసార్లు తుడిచినా
దూది పలకరంగుకే తిరిగింది.

రెండో రోజు తెలిసింది,
తల పక్కకు జరిగి ఉంది. వెంట్రుకవాసి.
స్క్రూ వదులు చేసి, ఊపిరి బిగబట్టి నెట్టాను.
నా బూట్ డిస్క్‌ను గటగటా తాగేసింది.
తెర మీద ఎ, దాని పక్కన మినుకుమనే గీత.
గెలిచాననుకున్నా.
కూలి 91 పెట్టాను. చదవలేనంది.
92. చదవలేనంది.
తొమ్మిదింటికీ ఒకటే జవాబు.

"తొంభైలో దించేటప్పుడు జారింది సామీ,
అయినా పనిచేసింది," అన్నాడు ఓబులేసు
అన్నం తింటూ, మామూలుగా.
ముద్ద నా గొంతులో ఆగింది.
అవి వంకర తల రాసుకున్న లెక్కలు.
ఆ బండి గాడి ఆ చక్రానికే తెలుసు.
నేను చక్రాన్ని బాగుచేశాను.

మూడో రోజు నా కొట్లోంచి తిన్నని డ్రైవు తెచ్చి
ఎ గా కూర్చోబెట్టాను, నా బూట్ డిస్క్ కోసం.
పాతదాన్ని బి చేసి
స్క్రూ మళ్లీ వదులు చేశాను.
సరిచేయడానికి కొలతలున్నాయి,
వంకర చేయడానికి లేవు.
ఇటు వెంట్రుక, చదవలేను.
అటు వెంట్రుక, చదవలేను.
ఓబులేసు జరిగి జరిగి వచ్చి
డబ్బాకు చెవి ఆనించాడు.
"ఇది కాదు... ఊఁహూఁ... ఇంకొంచెం...
ఆఁ. అదీ.
పన్నెండేళ్లు విన్నా ఈ చప్పుడు."

వరసలు దిగాయి.
గడి చాలక పేర్లన్నీ సగంలో తెగాయి.
కాశిం, అంతవరకే.
గట్టిగా చదివాను:
తొంభై రెండు, జూన్. పనిదినాలు ఇరవై ఆరు.
పగిలిన పలకలు పదకొండు.
కోత, పదమూడు రూపాయలు.

కాశింబి లేచింది.
"పదకొండా? నేను పగలగొట్టినయ్యి కాదు గదా అయ్యి!
పెట్టె ఎత్తినోడు జారవిడిచినాడు.
ఈయన ఈణ్ణే ఉన్నాడు, అడుగు."

ఇరవై ఆరు రోజుల మాట ఎవరికీ పట్టలేదు.
ఓబులేసు తాళంచెవి తడుముకున్నాడు చాలాసేపు.
"ఇప్పుడు దిద్దచ్చా అబ్బయ్యా?"

ఫ్లాపీ అంచున, గాటు మీద నల్ల చీటీ.
ఇందులో ఎవరూ ఏమీ రాయకుండా
మొదటి రోజు నేనే అంటించాను.