ఎర్తు

మళ్ళీ అదే అంకె.
సున్నా ఒకటి తొమ్మిది మూడు.
రెండు నెలల్లో నాలుగోసారి.
చించినాడ వంతెన ఎక్కుతుండగా పట్టు వదిలేసిందట,
వెనకాల కాలేజీ బస్సు హారను మీంచి చెయ్యి తియ్యకపోతే
ఇరవై మీద పాక్కుంటూ వచ్చాడు ఏసుపాదం.
"మీరు తుడిచేత్తారు, అది మళ్ళీ రాసుకుంటదండి"
అన్నాడు, నిష్ఠూరంగా కాదు,
పాత బాకీ గుర్తుచేసినట్టు.

పద్నాలుగేళ్ళ పికప్పు. మూడో చెయ్యి.
మీటర్ల మధ్య పసుపు దీపం ఉండాల్సినచోట
ఎర్రటి స్టిక్కరు బొట్టు.
"మా సుగుణ అంటించిందండి,
దాన్నే చూత్తా రోడ్డు చూట్టం మానేత్తన్నానని."

డీజిలు పైపులో ఒత్తిడి మితిమీరిందంటుంది అంకె.
నమ్మాను.
ముందు సెన్సారు మార్చాను.
తర్వాత, ఆ కొత్త సెన్సారు మీద అనుమానంతో ఇంకోటి.
ఆ తర్వాత పంపు విప్పి రాజమండ్రి పంపాను,
దానికేం రోగం లేదని చీటీ కట్టి తిప్పి పంపారు.
పదకొండు వేలు అతనివి.
నేర్చుకున్నది నేను.

ఈసారి బానెట్ ఎత్తలేదు.
స్కానరు పక్కన పెట్టి, టీ చెప్పి, స్టూలు జరిపి అడిగాను:
ఏ రోజున? ఏ లోడుకి?

కొబ్బరికాయలేస్తే రాదు.
బస్తాలేస్తే రాదు.
అంతర్వేది చెరువుల నుంచి రొయ్యేసుకుని భీమవరం పోతే,
పోయిన రోజు కాదండి,
మర్నాడు.
చెప్తూ చెప్తూ గ్లాసు గాల్లోనే ఆపేశాడు.
ఇద్దరం ఒకేసారి బండి కిందకి చూశాం.

ఐసు కరిగిన ఉప్పునీళ్ళు
తొట్టి మూలనున్న చిల్లులోంచి
ఏడాదిగా ఒకే చోట పడుతున్నాయి.
వీపు కింద గోనె వేసుకుని దూరాను.
క్యాబిన్ వెనక, ఛాసిస్‌కి బిగించిన ఎర్తు బోల్టు,
దాని చుట్టూ పచ్చటి చిలుము,
వేలు తగలగానే తీగ పొడిలా రాలింది.
నేల తెగిపోతే సెన్సారుకి
ఎంత చెప్పాలో తెలీదు,
అన్నీ ఎక్కువే చెబుతుంది.

అతుకు విప్పబోయాను.
పసుపు టేపు. మూడు చుట్లు.
చివర లోపలికి చిన్న మడత.
మళ్ళీ విప్పేవాడికి గోరు దొరకాలని
మా గురువు నేర్పిన మడత,
ఈ చుట్టుపక్కల నేను తప్ప ఎవరూ వెయ్యరు.

ఏ యజమాని దగ్గరున్నప్పుడో, ఏ సాయంత్రమో,
ఫ్యాక్టరీ తీగ కోసి, చేతికందిన బోల్టుకి
"ప్రస్తుతానికి" కట్టి పంపేసి ఉంటాను.

బండి కింద కాస్త ఎక్కువసేపే ఉన్నాను.
"దొరికిందాండీ?" అన్నాడు పైనుంచి.
"ఆయ్, దొరికింది."

ఎమరీ కాగితంతో ఇనుం తెల్లబడేదాకా రుద్ది,
కొత్త తీగ లాగి, నీళ్ళు పడనిచోట బిగించి,
గ్రీజు పూసి, చిల్లుకి గొట్టం పెట్టి పక్కకి తిప్పాను.

దీపం చూడాలి కదా,
బొట్టు గోటితో లేపాను.
తాళం తిప్పితే వెలిగింది,
ఇంజను అందుకోగానే ఆరింది.
పదిసార్లు తిప్పించాను. పదిసార్లూ ఆరింది.
చెయ్యాల్సింది అంతే ఆ దీపం.

"ఎంతియ్యమంటారు?"
"ఏం వద్దులే."
"అదేంటండీ, పొద్దుటి నుంచీ కిందే ఉన్నారు."
"వద్దన్నానుగా."
నా ముఖంలోకి ఒక క్షణం చూసి
గేరేశాడు.

సాయంత్రం షట్టరు దించుతుంటే కనిపించింది,
బొటనవేలికి అంటుకుని
సుగుణ బొట్టు.
కిరసనాయిలు పెట్టి చేతులు కడిగినా
అది మాత్రం పోలేదు.