పక్కచూపు

బుధవారం రాత్రులు మావి.
మిగతా ఆరు రాత్రులూ కొండమీది తెల్ల గుమ్మటాలవి.
అక్కడి మనుషులు ఆకాశాన్ని కంప్యూటరు తెరమీద చూస్తారట.
మాది ఊరి చివర, పాత ఉన్ని గోదాము పక్కన రేకుల షెడ్డు.
కప్పు తెరవాలంటే నేనొక వైపు,
లెక్కల మేష్టారు ఫూరీ ఒక వైపు నిలబడి తోయాలి.
పట్టాల్లో ఇసుక పడితే మూడో మనిషి కావాలి.

జులై. కరూలో ఈ నెల
కొళాయిలో నీళ్లు తెల్లారేదాకా మాట్లాడవు.
టార్చిలైట్లకి ఎర్ర చాక్లెట్ కాగితాలు చుట్టి
టిక్కెట్లు చింపుతున్నాను.
కేప్‌టౌన్ నుంచి కారేసుకొచ్చిన జంట,
ఫోను ఆపమంటే నొచ్చుకున్న కుర్రాడు,
చర్చి పిల్లలు ఏడుగురు,
అందరి వెనకా కంబళి కప్పుకుని
మాఖ్రీత్ యానువారీ.

పంతొమ్మిదేళ్లుగా ఈ నేల తుడిచేది ఆమే.
టెలిస్కోపు కాళ్లు ఏ సుద్దగీత మీద ఉండాలో
నాకంటే ఆమెకే బాగా తెలుసు.
కన్ను ఆనించే చోట గుడ్డ ఆనించింది గానీ
కన్ను ఆనించలేదు.
పగలొస్తుంది, పగలే వెళ్లిపోతుంది.
ఇవాళ టిక్కెట్టు కొంది. వద్దన్నాను.
చిల్లర బల్లమీద పోసి, లెక్కపెట్టి, నావైపు జరిపింది.

ముందు తేలికవి చూపించాను.
త్రిశంకుణ్ణి. స్వర్గానికీ నేలకీ మధ్య ఆగిపోవడం
ఇక్కడ శిక్షలా కనిపించదు,
నడినెత్తికి దగ్గరగా, కాస్త ఒరిగి, కులాసాగా ఉంటాడు.
ధ్రువుడు మాకు లేడంటే
"మరి దారెలా తెలుస్తుంది?" అన్నాడో పిల్లాడు.
"కంచె పట్టుకుని నడువు," అంది మాఖ్రీత్.

తర్వాత అసలుది.
జాబితాలో దాన్ని ఐదువేల నూట ఇరవై ఎనిమిది అంటారు.
కోటి కాంతి సంవత్సరాలు దాటాక ఎక్కడో ఉన్న గెలాక్సీ.
మా టెలిస్కోపులో మాత్రం
గాజుమీద పసిపిల్ల ఊదిన ఊపిరంత.
కేప్‌టౌన్ ఆయన వంగి చూసి, "ఏమీ లేదే," అన్నాడు.
నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను:
కంటి నడిమధ్య భాగం చీకట్లో గుడ్డిది,
సూటిగా చూడకండి, పక్కకి చూడండి, అది పక్కన కనిపిస్తుంది.
"పక్కచూపులు ఈయనకి నేర్పాలా!" అని
వాళ్లావిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

మాఖ్రీత్ వంగింది.
ఊపిరి గాజుకి తగలకుండా నోరు కంబళిలో దాచుకుంది,
అది నేను చెప్పలేదు.
వెనక పిల్లలు కాళ్లు మార్చుకుంటున్నారు.
మేష్టారు దగ్గారు.
"ఉంది," అంది చివరికి. "నడుముకి నల్లపట్టీ కట్టుకుంది."

ఆ పట్టీ కనిపించడానికి
నాకు మూడు బుధవారాలు పట్టింది.

ఎవరు నేర్పారు నీకు, అన్నాను.
"గొర్రెలు.
నక్కొచ్చే రాత్రి దొడ్డి దగ్గర
చీకటిని సూటిగా చూశావా, చీకటే కనిపిస్తుంది.
గుంజని చూస్తూ కూచో.
గుంజ పక్కన నక్క కదులుతుంది."
పదో ఏటి నుంచి పెళ్లయ్యేదాకా అదే పనిట.

మళ్లీ ఆ పిల్లాడే. "యానువారీ అంటే జనవరేనా?"
"జనవరే. మా ముత్తాతకి ముత్తాతని
ఓడ దించి అమ్మిన నెల.
పేరడిగే తీరిక లేకపోయింది కొన్నవాళ్లకి."
ఆ మాట వాడి మొహంలోకి చూసి అనలేదు,
తలుపు గుంజని చూస్తూ అంది.
కాసేపాగి, టెలిస్కోపు వైపు గడ్డం ఎత్తి,
"ఐదువేలా? అయితే దాని ముందు
వరసలో చాలామంది నిలబడ్డారన్నమాట."

పదకొండయ్యింది. కార్లు వెళ్లిపోయాయి.
కప్పు సగంలో ఇరుక్కుంది.
మేష్టారూ నేనూ తోస్తున్నాం, రేకులు మూలుగుతున్నాయి.
మాఖ్రీత్ వచ్చి, చూడకుండానే,
ఉత్తరం వైపు మూడో బోల్టు దగ్గర వేలు పెట్టి
గుప్పెడు ఇసుక తీసింది.
భుజం ఆనించింది. కప్పు కదిలింది.
ఆకాశం సన్నబడి, గీతై, పోయింది.

చీపురు మూలనే ఉంది. నేనటు చూశాను,
నేను చూడటం ఆమె చూసింది.
"రేపు," అంది కంబళి సర్దుకుంటూ,
"ఇవాళ టిక్కెట్టు కొన్నాను."