ఆకురాయి

వరంగల్ల పట్టీకి రెండువందల యాభై,
బస్సు కిరాయి వేరే.
ఆడ మిషను మీద పట్టిన పండ్లు
బడిపిల్లల వరస లెక్క ఒక్క తీరుగుంటయి.
వంక పెట్టలేను.

అయినా నర్సంపేట సామిల్లుల
కరెంటు పోయిన రాత్రి
చార్జింగు లైటు పెట్టుకొని నేనే కూసుంట.
పన్నుకు మూడు రాకుళ్లు,
ముందుకే, ఎనుకకు లేదు.
ఒక్క పన్ను కాడ చెయ్యి ఆగుతది.
మొన్న చింతమొద్దుల మేకు తగిలింది గీడనే.
ఎవరి పోరడు ఊగిండో
ఆ మేకుకు ఉయ్యాల కట్టుకొని.

"ఏమన్న మిగిలినయా?" అంటది సరోజన.
వేళ్లకు గుడ్డ చుట్టుకుంట
లెక్క చెప్పబోత.
"కరెంటొచ్చింది, ముందు నడుపు."

పొట్టు పడ్డది.
పిండి లెక్క కాదు, రవ్వ లెక్క.
పిడికిట్ల పట్టి చూసింది,
వాసన చూసింది,
పైసల ముచ్చట మళ్ల తియ్యలే.