మూడు నల్లచుక్కలు

చెయ్యాల్సినవన్నీ చేశాను.
చీకటి పడకముందే బయట తిప్పి తెచ్చాను.
పెరుగన్నం పెట్టి, మంచం కింద బొంత పరిచి,
కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కి,
ఫ్యాను అయిదు మీద, టీవీ ముప్పై మీద పెట్టాను.
బయట చిలకలగూడ పగిలిపోతున్నా
మా గదిలో వంటల ప్రోగ్రాం ఆవిడ
తాపీగా ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

తలుపు తీసింది మాత్రం నేనే.
పక్కింటి పుష్పలీల గరిజెల పళ్లెం తెచ్చింది.
పండగ పూట రెండు చేతులా అందుకోవాలి కదా.
నా మోకాలికీ గడపకీ మధ్య జానెడు సందు.
సరిగ్గా అప్పుడే కింద ఎవరో
పదివేల లడీ అంటించారు.

తెల్లగా ఏదో కాళ్లకు రాసుకుపోయింది.
మెట్ల మీద గోళ్ల చప్పుడు.
తర్వాత పొగ.

మెడలో బిళ్ల ఉంది. బిళ్ల మీద నంబరుంది.
ఆ సిమ్ము మొన్న ఉగాదికే మార్చేశాను.
షాపు బోర్డు మీద కొత్త నంబరు రాయించాను,
గ్యాసు పుస్తకంలో, బ్యాంకులో, పాలవాడి డైరీలో.
బిళ్ల మీద
రేపు, రేపు అనుకున్నాను.

నాది జిరాక్సు షాపు.
పదకొండేళ్లుగా ఊరందరి తప్పిపోయినవాళ్లనీ
కాపీ రెండు రూపాయల చొప్పున తీసిన చెయ్యి ఇది.
మతిమరుపు తాతలు, డిగ్రీ సర్టిఫికెట్లు, ఒకసారి చిలక.
ఆ రాత్రి షట్టరు సగం ఎత్తి
మా దాని ఫోటోను అద్దం మీద బోర్లా పెట్టాను.
తెల్ల కుక్క. తెల్ల కాగితం.
మిషను దాన్ని పూర్తిగా మింగి
మూడు నల్లచుక్కలు బయటికి తోసింది,
రెండు కళ్లు, ఒక ముక్కు.
డార్కు పెంచితే
వెనకున్న గోడ నల్లబడింది, అది రాలేదు.

కింద ఏం రాయాలో గేటు దగ్గర ఆశన్న చెప్పాడు,
ముప్పై ఏళ్లు రాత్రుళ్లు కాపలా కాసినవాడు.
"నువ్వు ఉర్కితే అది ఉర్కుతది,
నువ్వు కూసుంటే అది కూసుంటది."
అందుకే రాశాను: భయపడి పోయింది. తరమకండి. ఫోన్ చెయ్యండి.

ప్యాలా! ప్యాలా! అని పిలుస్తూ నడిచాను.
చిన్నప్పుడు మూకుట్లో జొన్న ప్యాలాల్లా
ఎగిరెగిరి పడేదని పెట్టిన పేరు.
పేలడం దాని పేరులోనే ఉందని
అప్పుడు తట్టలేదు.
వారాసిగూడ మలుపులో హోటల్ కడుగుతున్న గౌసుభాయ్
"చాయ్ ఖతమమ్మా, ప్యాలాలన్నీ కడిగేసినం" అన్నాడు.
కప్పు కాదు భాయ్, కుక్క, అన్నాను.
ఆయన నవ్వలేదు.
లోపలికెళ్లి విరిగిన ఉస్మానియా బిస్కెట్లు
కవర్లో పోసి తెచ్చాడు.

తెల్లారేలోపు ఆరు ఫోన్లు.
తార్నాకలో గోధుమరంగుది, తెగిన గొలుసుతో.
బౌద్ధనగర్‌లో ఆటో కింద ముసలి పొమేరియన్.
పార్సీగుట్టది తీరా చూస్తే మేకపిల్ల.
మాది కాదండీ, కాస్త నీళ్లు పెట్టండి,
ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మీ నంబరు ఇస్తాను.
మర్నాటి సాయంత్రానికి నా రఫ్ పుస్తకంలో
అయిదు కుక్కల ఆచూకీ ఉంది.
నాది లేదు.

మూడో రోజు పొద్దున ఆ లడీ పిల్లాడు వచ్చాడు.
ఎవరూ అడగలేదు. వేళ్లకు ఇంకా మందు మరక.
"ఆంటీ, టెంట్ హౌస్ వెనక, కుర్చీల కింద ఉంది.
పిలుస్తుంటే ఇంకా లోపలికి పోతుంది."

పిలవలేదు.
అటు వీపు పెట్టి మట్టిలో కూర్చున్నాను,
మూడు రోజులుగా మార్చని అదే నైటీలో,
ఒళ్లో బిస్కెట్ ముక్కలు పోసుకుని.
వాడూ పక్కనే కూర్చున్నాడు, తిరిగి చూడకుండా ఉండటానికి
కళ్లు గట్టిగా మూసుకుని.
ఎక్కడో ఒక చిచ్చుబుడ్డి, పగటిపూట, మిగిలిపోయినది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కిర్రుమంది.

ఎనిమిది అడుగుల దూరం.
నలభై నిమిషాలు.

ముందు ఒక్క నల్లచుక్క వచ్చింది,
చల్లగా, తడిగా, నా మోచేతి కిందకు.
మిగతా రెండూ
చాలాసేపటికి.